గతుకుల బాటలో దృష్టకారణ విచారం

కఠోపనిషత్తు తృతీయవల్లిలో యమధర్మరాజు నచికేతునకు ఉపదేశించిన రథకల్పన ఆస్తిక లోకానికి సుపరిచితం. ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు, విషయాలు ఆ అశ్వాలు సంచరించే మార్గాలు. ఈ కల్పనలో ఒక అంశం తరచుగా విచారణకు రాదు. సారథి ఎలా ఉండాలో శ్రుతి చెప్పింది. పగ్గం, అశ్వాలు ఎలా ఉండాలో కూడా చెప్పింది. మార్గం నునుపుగా ఉండాలని మాత్రం చెప్పలేదు. గమ్యాన్ని చేరడానికి కావలసిన నియమాలన్నీ రథపక్షంలోనే విధింపబడ్డాయి.

అటువంటప్పుడు రథం కంపిస్తే ఏమి చేయాలి? లోకంలో సామాన్యంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. బాటను నిందించడం ఒకటి. అంతా ప్రారబ్ధమని ఊరకుండడం రెండవది. ఈ రెంటికీ ముందు ఒక మెట్టు ఉన్నదని మీమాంసకులు గుర్తుచేస్తారు. దృష్టం సంభవించే చోట అదృష్టాన్ని కల్పించరాదన్నది వారి న్యాయం. ధాన్యం దంచమని విధి ఉంటే, పొట్టు ఊడిపోవడమనే ప్రయోజనం కంటి ఎదుటే ఉండగా, దానికి మొదటనే అదృష్టఫలాన్ని ఊహించరాదు. యజ్ఞకర్మల విచారణలో పుట్టిన ఈ న్యాయం మార్కాపురంలోని ఒక మోటారు షెడ్డులో ఎలా సార్థకమైందో తెలుసుకోవడం సాధకులకు ఉపకరిస్తుంది.

గిద్దలూరులో నివసించే ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుని ఊరివారందరూ "అయ్యవారు" అని పిలుస్తారు. సాయంకాలం ఆయన ఇంటి అరుగు మీద నలుగురైదుగురు జిజ్ఞాసువులు చేరి, విద్యారణ్యస్వామి పంచదశిని పాఠం చెప్పించుకుంటారు. ఆయన ధర్మపత్ని పుట్టిల్లు కనిగిరి వైపు పల్లె. ఆ ప్రాంతపు బావినీటిలో, బోరునీటిలో ఫ్లోరైడ్ అధికం. బాల్యం నుంచి ఆ నీటినే త్రాగిన దేహం యాభై ఏళ్ళు దాటేసరికి బిగుసుకోసాగింది. వెన్నెముక వంగదు, మెడ తిరగదు, మోకాళ్ళు సరిగా ముడుచుకోవు. పక్షానికొకసారి ఆమెను మార్కాపురంలో ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం అయ్యవారి నియమం. అక్కడ కీళ్ళకు చేయించే వ్యాయామ చికిత్స వలన ఆమె తన పనులు తాను చేసుకోగలుగుతున్నది. చికిత్స తప్పితే కొద్ది వారాలకే లేచి నిలబడడానికి మరొకరి చేయి కావలసివస్తుంది.

గిద్దలూరు నుంచి మార్కాపురానికి కంభం మీదుగా దారి. ఎడమవైపు నల్లమల కొండల వరుస చాలాదూరం తోడుగా వస్తుంది. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు లభించింది. ఆ కట్ట వద్ద కాసేపు ఆగి నీటిని చూసి వెళ్ళడం ఆ దంపతులకు పూర్వం అలవాటు. దారి కొంతదూరం నున్నగా, కొంతదూరం అతుకులమయంగా ఉంటుంది. పలకరాయి లారీలు తిరిగే చోట్ల, వానలు పడి వెలిసిన తరువాత, అంచులు విరిగి గతుకులు తేలుతాయి.

వారిది పన్నెండేళ్ళ నాటి చిన్న కారు. ఒక వర్షాకాలం గడిచాక దానిలో కొత్త రుగ్మత మొదలైంది. గతుకు తగిలినప్పుడల్లా ముందువైపు ఎడమచక్రం దగ్గర కటకటమని శబ్దం. వెంటనే స్టీరింగ్ చేతిలో క్షణకాలం వణుకు. ఆరోగ్యవంతునికి అది చిరాకు మాత్రమే. వెన్నెముక బిగిసిన దేహానికి ప్రతి కుదుపూ నడుము నుంచి మెడ దాకా సూటిగా పాకే పోటు. మామూలు దేహంలో వెన్ను వంగే గుణం కుదుపును కొంత మింగివేస్తుంది. ఆమె దేహంలో ఆ సౌలభ్యం లేదు కనుక, కారు తగ్గించని కుదుపును తగ్గించేది మరొకటి లేదు. అలా రెండు ప్రయాణాలు జరిగాక ఒక ఉదయం ఆమె నెమ్మదిగా అన్నది: "ఏమండీ, ఈసారికి వద్దు లెండి. ఇంటి దగ్గరే ఉంటాను. తితిక్ష అనుకుంటాను."

అయ్యవారు ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేదు. తితిక్ష శమాది షట్కసంపత్తిలో ఒకటి. కలిగిన దుఃఖాన్ని ప్రతిక్రియ కోరక, చింత లేక, విలాపం లేక సహించడం దాని లక్షణం. అయితే అది ఎవరి దుఃఖాన్ని వారు సహించే విషయంలో చెప్పిన మాట. ఒకరి బాధను చూస్తూ మరొకరు తితిక్ష వహించడమన్నది శాస్త్రసమ్మతం కాదు. పరుల దుఃఖం ఎదుట విహితమైన ధర్మం దయ. దయ చేతల్లోకి వస్తే అది ప్రతిక్రియ అవుతుంది. "సహించడం నీ సాధన. కారణం వెదకడం నా పని. నీ సాధనను చూపించి నా పని నేను మానుకోకూడదు" అన్నారు ఆయన.

కారును మొదట ఒక షెడ్డులో చూపించారు. గతుకుల మీద వణుకు అనగానే అక్కడివారు షాక్ అబ్జార్బర్లు పోయాయని నిశ్చయించి, ముందు రెండింటినీ మార్చారు. వేలల్లో ఖర్చయింది, శబ్దం, వణుకు అలాగే ఉన్నాయి. అయ్యవారికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. న్యాయశాస్త్రం చెప్పిన ఐదు హేత్వాభాసాలలో మొదటిది సవ్యభిచారం. సాధ్యం ఉన్న చోటా లేని చోటా కనబడే హేతువు దేనినీ నిర్ణయించలేదు. పొగను చూసి నిప్పున్నదని ఊహించవచ్చు. నిప్పును చూసి పొగ ఉండి తీరాలని అనరాదు, కాలిన ఇనుపగుండులో నిప్పే కాని పొగ ఉండదు. గతుకు మీద వణుకుతున్నది కనుక షాక్ అబ్జార్బరే చెడిందన్న ఊహ ఇటువంటిదే. అది చెడిన కారూ వణుకుతుంది, అది బాగున్న కారు వేరొక లోపం వలన కూడా వణుకుతుంది.

ఇక్కడ వాహన నిర్మాణాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. చక్రానికీ కారు దేహానికీ మధ్య స్ప్రింగు, షాక్ అబ్జార్బరు అని రెండు ఉంటాయి. వాటి ధర్మాలు వేరు. స్ప్రింగు గతుకు దెబ్బను స్వీకరించి, తనలో దాచుకొని, తిరిగి ఇచ్చివేస్తుంది. అదొక్కటే ఉంటే గతుకు దాటిపోయిన తరువాత కూడా కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును అంతం చేసేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలోని నూనె సన్నని రంధ్రాల గుండా ఒత్తిడితో పారి, చలనాన్ని వేడిగా మార్చి బయటికి విడుస్తుంది. గతుకుల దారిలో చాలాదూరం నడిచిన కారులో ఆ గొట్టం వెచ్చబడుతుంది. అనుభవం కూడా స్ప్రింగులో దాగిన దెబ్బ వంటిదే. క్షణంలో తగిలి, సంస్కారంగా లోపల నిలిచి, మరల మరల ఊపుతుంది. ఆ ఊపును తాపంగా మార్చి కరిగించేది తపస్సు. ఆ పదానికి మూలమైన ధాతువుకు తపించడమనే అర్థం.

షాక్ అబ్జార్బరును ప్రాథమికంగా పరీక్షించడం ఎవరికైనా సాధ్యమే. కారు ఒక మూలను బలంగా అదిమి వదలాలి. పైకి లేచి వెంటనే కుదురుకుంటే సామాన్యంగా బాగున్నట్లు. రెండు మూడు మార్లు ఊగితే, లేదా గొట్టం మీద నూనె కారిన తడి కనబడితే అది చెడినట్లు. మొదటి షెడ్డులో ఈ పరీక్ష జరగలేదు.

మార్కాపురం శివారులో రేకుల షెడ్డు నడుపుతున్న ఒక మేస్త్రి సంగతి శిష్యులలో ఒకరు చెప్పారు. అయ్యవారు ఒంటరిగా కారును అక్కడికి తీసుకువెళ్ళారు. మేస్త్రి జాకీ పెట్టలేదు, స్పానరు పట్టలేదు. టైర్లలో గాలి సరిచూసి, ప్రశ్నలకు దిగాడు.

"అయ్యవారూ, నున్నటి రోడ్డు మీద ఎనభైలో పోతే వణుకుద్దా?"

"లేదు నాయనా."

"బ్రేకు తొక్కినప్పుడు?"

"అప్పుడూ లేదు."

"బండి నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచితే?"

"ఏమీ ఉండదు."

"అయితే గతుకులోనే. నిదానంగా పోతే ఎక్కువా, జోరుగా పోతే ఎక్కువా?"

"నిదానంగా, చిన్న గతుకుల్లో పోతే మరీ స్పష్టంగా వినిపిస్తుంది."

ప్రతి ప్రశ్నా ఒక సంశయాన్ని తొలగించింది. నున్నని దారిలో ఒకానొక వేగం వద్ద పుట్టే వణుకు సాధారణంగా చక్రాల బ్యాలెన్సింగు తప్పడాన్ని, టైరు ఉబ్బడాన్ని, రిమ్ము వంగడాన్ని సూచిస్తుంది. బ్రేకు తొక్కినప్పుడే వచ్చే వణుకు బ్రేకు డిస్కును, నిలిచి ఉన్నప్పుడు వచ్చేది ఇంజనును గాని దాని మౌంటులను గాని అనుమానించమంటుంది. వేగంతో పాటు పెరిగే హోరు వీల్ బేరింగుది. ఇవేవీ కానప్పుడు మిగిలేవి చక్రాన్ని కారు దేహంతో కలిపే కీళ్ళు, రబ్బరు బుష్‌లు. అనాత్మను ఒక్కొక్కటిగా నిరాకరిస్తూ పోయే ఉపనిషత్పద్ధతి ఎరిగినవారికి ఈ క్రమం కొత్తది కాదు. నిరాకరణ జరిగినంత మాత్రాన నిర్ణయం పూర్తికాదు. మిగిలినదానిని నిశ్చయంగా పట్టుకోవాలి.

మేస్త్రి అయ్యవారిని పక్కన కూర్చోబెట్టుకొని కారు నడిపాడు. వీధిలోని స్పీడ్ బ్రేకరు మీదికి తిన్నగా ఎక్కించాడు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కి దిగాయి, శబ్దం దాదాపు లేదు. తరువాత రోడ్డు అంచున ఉన్న గుంతలోకి ఎడమచక్రం ఒక్కదానినే దించాడు. కటకటమన్నది. "చూశారా అయ్యవారూ, రెండూ కలిసి లేస్తే గమ్మునుంది. ఒక్కటే దిగితే అరుస్తాంది. ఆ రెంటినీ కలిపేదేదో వదులైంది."

ఆ రెంటినీ కలిపేది స్టెబిలైజర్ బార్ అనే ఉక్కు కడ్డీ. మలుపులో కారు ఒకవైపు ఒరగకుండా అది పట్టి ఉంచుతుంది. రెండు చక్రాలూ ఒకేమారు లేచినప్పుడు ఆ కడ్డీ తన బుష్‌లలో ఊరకనే తిరుగుతుంది. ఒక చక్రమే లేచినా, దిగినా అది మెలితిరుగుతుంది. ఆ మెలితిప్పు భారమంతా కడ్డీ కొసలకు తగిలించిన లింక్ రాడ్ల మీద పడుతుంది. వాటి కీలు అరిగి ఉంటే ఆ భారం పడినప్పుడే పలుకుతుంది.

షెడ్డుకు తిరిగివచ్చి మేస్త్రి రెండువైపులా లింక్ రాడ్లను ఊడదీశాడు. అవి లేకుండా, మనిషి నడిచే వేగంతో, అదే గుంతలో అదే చక్రాన్ని దించాడు. కటకట లేదు. అయ్యవారు నిలబడిపోయారు. అరుగు మీద ఆయన చెబుతున్నది పంచదశిలోని ప్రథమ ప్రకరణం తత్త్వవివేకమే. అన్వయవ్యతిరేకాల చేత పంచకోశాల నుంచి ఆత్మను వేరుచేసి చూపే భాగమది. స్వప్నంలో స్థూలదేహం భాసించదు, సాక్షి భాసిస్తాడు. సుషుప్తిలో సూక్ష్మదేహం కూడా భాసించదు, సాక్షి అప్పుడూ ఉన్నాడు. ఏది ఉన్నప్పుడు ఏది ఉన్నదో, ఏది లేనప్పుడు ఏది లేదో పరిశీలించి నిర్ణయించే పద్ధతి ఇది. లింక్ రాడ్డు ఉన్నప్పుడు శబ్దం ఉన్నది, అది అన్వయం. లింక్ రాడ్డు లేనప్పుడు శబ్దం లేదు, అది వ్యతిరేకం. మొదటి షెడ్డులో అన్వయాన్ని ఊహించి, వ్యతిరేకాన్ని చూడక సొమ్ము ఖర్చుపెట్టించారు. ఇక్కడ ఒక్క రూపాయి వస్తువు మార్చకముందే కారణం తేలింది.

అయితే అంతటితో పూర్తికాలేదు. శబ్దం పోయింది కాని, గుంత దాటాక స్టీరింగు చేతిలో కలిగే వణుకు పోలేదు. ఒకేచోట పుట్టి, ఒకేసారి కనిపించే రెండు లక్షణాలకు కారణం ఒకటే కానక్కరలేదు. మేస్త్రి కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, ఎడమచక్రాన్ని రెండు పక్కలా పట్టి కదిపాడు. టై రాడ్ కొసలో వదులు లేదు. పైనా కిందా పట్టి కదిపాడు. బాల్ జాయింటు, బేరింగు గట్టిగానే ఉన్నాయి. చివరకు లోయర్ ఆర్మ్ కింద లివరు పెట్టి ఎత్తినప్పుడు దాని వెనుక బుష్‌లో రబ్బరు చీలిక నోరు తెరిచింది. గతుకు తగిలిన ప్రతిసారీ చక్రం ఆ చీలిక మేరకు వెనక్కు జరిగి, తన దిశ మార్చుకొని, తిరిగి వస్తున్నది. స్టీరింగులో తెలిసే వణుకు అదే.

కొత్త బుష్ ఒంగోలు నుంచి రావాలి. ఆ రోజు మధ్యాహ్నం వరకు అయ్యవారు షెడ్డులోని బల్ల మీద కూర్చున్నారు. ఆయన ఆలోచన కారు నుంచి భార్య దేహం మీదికి మళ్ళింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో నేటి ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి షార్ట్ మొదలైన వైద్యపరిశోధకులు 1937లో ప్రకటించారు. అంతకు ముందు తరాలవారు వంగిన నడుములను, బిగిసిన కీళ్ళను చూసి వయస్సనీ, పూర్వకర్మమనీ, ఊరికి తగిలిన శాపమనీ అనుకొని ఉండవచ్చు. పరిశోధకులు నీటిని పరీక్షించారు. ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు త్రాగే పల్లెలలో వ్యాధి ఉన్నది. ఆ నీరు త్రాగని చోట లేదు. మనుషుల ఎముకల విషయంలోనూ అన్వయవ్యతిరేకాలే నిర్ణాయకాలైనవి. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం గాని, కృష్ణాజలాలను సొరంగాల ద్వారా ఈ మెట్టనేలకు తేవడానికి ఉద్దేశించిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు గాని కారణం తెలిసిన తరువాతనే అర్థవంతమైనవి. కర్మమని ఊరకున్నంతకాలం బావి మారదు. మరొక తరం అదే నీరు త్రాగుతుంది.

బుష్ వచ్చింది. మేస్త్రి పాతదానిని ప్రెస్సుతో తొలగించి కొత్తది ఎక్కించాడు. ఆర్మును స్థానంలో నిలిపి, బోల్టును చేతితో తిరిగినంత మేర మాత్రమే బిగించి వదిలాడు. కొత్త లింక్ రాడ్లను తగిలించి, చక్రం ఎక్కించి, కారును నేలకు దించాడు. కారును రెండు మూడుసార్లు అదిమి కుదురుకోనిచ్చి, అప్పుడు కిందికి దూరి స్పానరు పట్టాడు. అయ్యవారు అడిగారు: "పైన ఉన్నప్పుడు చేయి బాగా అందుతుంది కదా నాయనా, అప్పుడే ఎందుకు బిగించలేదు?"

కారు కింద నుంచి జవాబు వచ్చింది. "గాల్లో వేలాడేటప్పుడు బిగిస్తే, బండి కిందకు దిగేసరికి రబ్బరు మెలిపడిపోద్ది అయ్యవారూ. ఇంక ఎల్లకాలం ఆ మెలిక మీదే నలుగుద్ది, తొందరగా చీలిపోద్ది. బరువు మోసే కాడే బిగించాల."

నిష్ఠను గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం అరుదు. శ్రవణం, మననం ప్రశాంతమైన అరుగు మీద జరుగుతాయి. అక్కడ దేహం మీద బరువు లేదు, మనస్సు మీద బరువు లేదు. ఆ స్థితిలో స్థిరపడ్డామనుకున్న సమత్వం ఇంటి బాధ్యత, రోగం, ఋణం నెత్తిన పడగానే మెలిపడుతుంది. శ్రీకృష్ణుడు గీతను అరణ్యంలో గాక ఉభయసేనల మధ్య, అర్జునుని బాహువుల మీద సంపూర్ణభారం ఉన్న క్షణంలో ఉపదేశించడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. పాఠం అరుగు మీద అమర్చుకోవచ్చు; బిగింపు మాత్రం బరువు మోసే స్థానంలోనే జరగాలి.

మేస్త్రి సలహా మేరకు చక్రాల అలైన్‌మెంటు కూడా సరిచేయించి అయ్యవారు ఇల్లు చేరారు. తరువాతి పక్షంలో దంపతులు ఇద్దరూ ప్రయాణమయ్యారు. గతుకులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కంభం సమీపంలో ఒక పెద్దగుంత తగిలినప్పుడు అయ్యవారు భార్య వైపు చూశారు. "తగిలింది, పోయింది" అన్నదామె. కొంతదూరం పోయాక చెరువుకట్ట దగ్గర ఆపమని తానే అడిగింది.

ఆమె వెన్నెముక మరల వంగదు. ఎముకలలో చేరిన ఫ్లోరైడ్ చేసిన మార్పును పూర్వస్థితికి తెచ్చే చికిత్స లేదు. వైద్యం వలన కదలిక నిలుస్తుంది, నొప్పి తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ శేషించిన దుఃఖమే తితిక్షకు తగిన క్షేత్రం. తొలగించదగిన దృష్టకారణాలన్నింటినీ తొలగించిన తరువాత మిగిలినదానిని ప్రారబ్ధమని అంగీకరించడం వివేకం. విచారించకముందే అంగీకరిస్తే అది తమస్సు. వైరాగ్యపు వస్త్రం కట్టుకున్నంత మాత్రాన దాని స్వభావం మారదు.

సాధకులు తమ అంతఃకరణ విషయంలోనూ ఈ క్రమాన్ని అనుసరించవచ్చు. తరచుగా క్రోధం కలుగుతుంటే లోకం మీదనో, జాతకం మీదనో నెపం వేయడానికి ముందు ప్రశ్నించుకోవాలి. అది ఎప్పుడు కలుగుతున్నది? ఆకలి వేళనా, నిద్ర చాలని ఉదయమా, ఒకానొక వ్యక్తి ఎదుటనా, ఒకానొక మాట విన్నప్పుడా? అనుమానం కలిగిన ఒక్క కారణాన్ని కొన్నాళ్ళు తొలగించి చూడాలి. క్రోధం తగ్గితే కారణం దొరికినట్లు. కొంత తగ్గి కొంత మిగిలితే రెండవ కారణం ఉన్నట్లు. అన్నింటినీ ఒకేసారి మార్చితే ఏది కారణమో ఎన్నటికీ తెలియదు. సరిదిద్దుకున్నదానిని ఏకాంతంలో గాక, బరువు పడే వేళ, ఇంటివారి మధ్య బిగించుకోవాలి.

అయ్యవారి అరుగు మీద పంచదశి పాఠం కొనసాగుతున్నది. అన్వయవ్యతిరేకాలు వచ్చిన రోజున శిష్యులకు ఆయన స్వప్నసుషుప్తుల ఉదాహరణతో పాటు ఊడదీసిన ఒక పాత లింక్ రాడ్డును చూపించారు. దాని కీలును వేళ్ళతో కదిపి, అరుగుదల ఎంత స్వల్పమో చూడమని చేతులు మార్చి ఇచ్చారు.

ఇతి శమ్.